రేటు సంగతి కాయ ఆరాక చూద్దాం

ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, జాయినింగ్ డేట్ లేదు. నోటిఫికేషన్ వచ్చింది, పరీక్ష వాయిదా పడింది. ఈ మధ్యలో గడిచే రోజుల్ని ఏం చేస్తున్నాం?

ఒక రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి చూశాను. ఆ ఒక్కరోజులో జీమెయిల్‌ని 73 సార్లు ఓపెన్ చేశానని చూపించింది. ఆ రోజు నాకు వచ్చిన మెయిల్స్ మొత్తం ఆరు. మూడు బ్యాంకువి, రెండు షాపింగ్ యాప్‌వి, ఒకటి కరెంటు బిల్లు. నేను ఎదురుచూస్తున్న మెయిల్ మాత్రం రాలేదు.

అది 2022 డిసెంబరు. అంతకు మూడేళ్ల ముందు బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో చేరాను. పని బాగానే ఉండేది, జీతమే అంతంతమాత్రం. ఆ ఏడాది ఆగస్టులో దాదాపు రెట్టింపు జీతంతో ఓ పెద్ద కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. రాజీనామా పెట్టాను, నోటీసు పీరియడ్ పూర్తిచేశాను, రిలీవింగ్ లెటర్ తీసుకున్నాను. సరిగ్గా అప్పుడు కొత్త కంపెనీ వాళ్లు ‘జాయినింగ్ డేట్ త్వరలో తెలియజేస్తాం’ అన్నారు. పేరెందుకులెండి. ఆ ఏడాది ఐటీలో అలా వేలాడినవాళ్లం చాలామందిమి ఉన్నాం, ఇది చదివేవాళ్లలోనూ కొందరు ఉండొచ్చు.

రెండు నెలలు రూమ్ అద్దె కట్టి, ఇక లాభం లేదని బ్యాగు సర్దుకుని మా ఊరు ఎడ్లపాడు వచ్చేశాను. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లేదారిలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది మా ఊరు. ఒక పక్కన కొండవీడు కొండలు, చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులు, పత్తి, మిర్చి చేలు. స్పైసెస్ బోర్డు పెట్టిన స్పైసెస్ పార్క్ కూడా మా మండలంలోని వంకాయలపాడులోనే ఉంది. అయినా చాలామందికి ఇది బస్సు కిటికీలోంచి బోర్డు చదివి దాటిపోయే ఊరే.

ఊళ్లో ఉండటంలో ఒక ఇబ్బంది ఉంది. హైదరాబాద్‌లో అయితే మన గురించి ఎవరికీ పట్టదు. ఇక్కడ పాల ప్యాకెట్ కోసం బయటికి వెళ్లినా పక్కింటి బాబాయి పలకరిస్తాడు. ‘‘ఏందబ్బాయ్, ఇంకా పిలవలేదా కంపెనీవాళ్లు?’’ అడగడంలో తప్పేం లేదు, ప్రేమతోనే అడుగుతాడు. కానీ ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ ఇంటికొచ్చి మళ్లీ జీమెయిల్ తెరిచేవాణ్ని. 73లో ఓ పది సార్లు బాబాయి ఖాతాలోవే.

పుస్తకం పట్టుకుంటే ‘వచ్చే వారం పిలిస్తే ఇదంతా వేస్టే కదా’ అనిపించేది. కొత్త కోర్సు మొదలుపెడదామంటే ‘పిలవకపోతే?’ అని భయం. పిలిచినా పిలవకపోయినా పనికొచ్చే పని మాత్రం ఏదీ చేయలేదు. నవంబరు, డిసెంబరు, జనవరి అలా పోయాయి. ఆ మూడు నెలల్లో ఏం చేశానని ఇప్పుడు గుర్తుచేసుకుంటే ఫోన్ స్క్రీనే గుర్తొస్తుంది.

కల్లంలో నేర్చిన పాఠం

జనవరి చివర్లో మిర్చి మొదటి కోత మొదలైంది. మాకు రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. అంతకుముందు ఏడాది నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు వైపు ఎన్నో చేలను ఊడ్చిపెట్టింది. మా చేనూ అందులో ఉంది. అంటే ఆ ఏడు కాయ మీద రెండేళ్ల అప్పు కూర్చుని ఉంది. దానికి తోడు పెద్ద ఉద్యోగం వచ్చిందని చెప్పిన కొడుకు ఇంట్లో కూర్చుని ఉన్నాడు. లెక్క ప్రకారం ఇంట్లో నాకంటే ఎక్కువ కంగారు పడాల్సింది మా నాన్న.

మిర్చి ఆరబెట్టడం తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. కోసిన కాయ తెచ్చి కల్లంలో పట్టాల మీద పల్చగా పరుస్తారు. పొద్దెక్కాక తిరగేయాలి, మధ్యాహ్నం ఇంకోసారి తిరగేయాలి. సాయంత్రం కుప్పచేసి మంచు పడకుండా పట్టా కప్పాలి. పొద్దున్నే పట్టా తీసి మళ్లీ పరవాలి. ఎండనుబట్టి పది, పదిహేను రోజులు ఇదే పని. మధ్యలో రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు ఏరుతుండాలి. ఒక్కరోజు అశ్రద్ధ చేసి తడి కాయను కుప్పగా వదిలేస్తే లోపల బూజు పడుతుంది. తేమ ఎక్కువుంటే యార్డులో రేటు కోస్తారు. బాగా ఆరిన కాయను గుంటూరు యార్డుకైనా తోలచ్చు, రేటు నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలోనైనా పెట్టుకోవచ్చు. సరిగ్గా ఆరనిదానికి ఆ రెండు దారులూ లేవు.

నేను కల్లం గట్టు మీద కూర్చుని ఫోన్‌లో యార్డు ధరలు చూస్తున్నాను. మెయిల్ చూసి విసుగొచ్చినప్పుడు చూసేవి అవే.

‘‘నాన్నా, తేజ ఇయ్యాల ఎంత పలికిందో చూశావా?’’ అన్నాను.

‘‘రేటు సంగతి కాయ ఆరాక చూద్దాంలేరా. ఎండ బాగా కాస్తంది. ఆ ఫోను గట్టు మీద పెట్టి, ఇటొచ్చి కాయ తిరగెయ్యి.’’

మా నాన్న తత్వాలు చెప్పే మనిషి కాదు. ఆయనకు ఆ మాట గుర్తుండి ఉంటుందని కూడా నేను అనుకోను. నిజంగానే కాయ తిరగేయడానికి మనిషి కావాలి కాబట్టి అన్నాడు. ఆ సాయంత్రం దాకా తిరగేస్తూనే ఉన్నాను. ఘాటుకి తుమ్ములు, కళ్లు మంట, చేతులు మంట. ఆ చేతులతో ఫోన్ ముట్టుకుని పొరపాటున కన్ను నలుపుకుంటే ఏమవుతుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే ఫోన్ గట్టు మీదే ఉండిపోయింది. రాత్రి చూస్తే జీమెయిల్ 11 సార్లు.

నిద్ర కూడా పట్టింది. ఒంటి అలసట వల్లే అనుకున్నాను మొదట. కానీ వారం పదిరోజులు కల్లంలో తిరిగాక నాన్న ఎలా పనిచేస్తున్నాడో గమనించడం మొదలుపెట్టాను. ఆయనకు రేపటి ఆలోచన లేకపోవడం అనేదేం లేదు. ఏ కోల్డ్ స్టోరేజీలో జాగా ఉందో కనుక్కుని పెట్టాడు. రెండో కోతకు కూలీలను మాట్లాడాడు. వడ్డీ ఎప్పుడు కట్టాలో ఆయనకు నెల, తేదీతో సహా తెలుసు. అయితే ఆ పనులన్నిటికీ ఒక వేళ ఉంది. రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని ఫోన్లు చేసుకునేవాడు, చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవాడు, మూసేసేవాడు. పొద్దున కల్లంలో ఉన్నప్పుడు ఆయన బుర్రలో కాయ తప్ప ఇంకోటి ఉండేది కాదు.

పోలింగ్ చేస్తున్న బుర్ర

కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకు ఇది ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో వచ్చిన పాఠమే. కీబోర్డు మీద ఎవరైనా మీట నొక్కారా లేదా అన్నది ప్రాసెసర్‌కు తెలియడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది పోలింగ్. ప్రాసెసరే మాటిమాటికీ వెళ్లి ‘ఏమైనా వచ్చిందా?’ అని అడుగుతుంటుంది. రెండోది ఇంటరప్ట్. ప్రాసెసర్ తన పని తాను చేసుకుంటుంది, మీట నొక్కినప్పుడు కీబోర్డే వచ్చి తలుపు తడుతుంది. పోలింగ్‌లో ఏమీ రాకపోయినా ప్రాసెసర్ ఖాళీగా ఉండదు, వేడెక్కుతూనే ఉంటుంది.

నేను పరీక్షలో ఈ ప్రశ్నకు ఎనిమిది మార్కుల జవాబు రాసిన మనిషిని. మూడు నెలలపాటు నా బుర్రను పోలింగ్‌లో పెట్టి నడిపానని తెలుసుకోవడానికి కల్లం దాకా రావాల్సొచ్చింది.

అప్పుడు చేసిన పని చాలా చిన్నది. ఆ కంపెనీ డొమైన్ నుంచి వచ్చే మెయిల్స్‌కు జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టి, ప్రత్యేకంగా ఒక లేబుల్ ఇచ్చాను. ఫోన్‌లో ఆ ఒక్క లేబుల్‌కే గట్టిగా మోగే రింగ్‌టోన్ పెట్టి, మిగతా మెయిల్ నోటిఫికేషన్లన్నీ ఆపేశాను. పది నిమిషాల పని. వాళ్లు పిలిస్తే ఫోనే అరుస్తుంది. అరవలేదంటే పిలవలేదు. ఇక తెరిచి చూడటానికి కారణం లేదు. మొదటి రెండు రోజులు ఫిల్టర్ పనిచేస్తుందో లేదోనని మళ్లీ తెరిచి చూశాననుకోండి, అది వేరే సంగతి.

బుర్రను ఇలా తిరగనిస్తే ఏమవుతుందో 2010లో హార్వర్డ్ పరిశోధకులు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ ఐఫోన్ యాప్ ద్వారా కొలిచారు. 2,250 మందికి రోజులో ఎప్పుడుపడితే అప్పుడు సందేశం పంపి, ‘ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా ఉన్నారు’ అని అడిగారు. వచ్చిన జవాబుల్లో 46.9 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు వేరేచోట ఉన్నప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. మనసు హాయైన ఊహల్లో ఉన్నా సరే, చేస్తున్న పని మీద ఉన్నప్పటికంటే ఎక్కువ సంతోషమేం లేదట. అంటే ‘జాయినయ్యాక మొదటి జీతంతో అమ్మకు ఏం కొనాలి’ అని నేను వేసుకున్న లెక్కలు కూడా నాకు ఒరగబెట్టిందేమీ లేదు.

ఓడ తలుపులు, మన తలుపులు

‘ఈ రోజు వరకు బతుకు’ అన్న సలహా కొత్తదేం కాదు. కెనడాలో పుట్టిన ప్రసిద్ధ వైద్యుడు సర్ విలియం ఆస్లర్ 1913 ఏప్రిల్ 20న అమెరికాలో యేల్ విద్యార్థులకు చేసిన ప్రసంగం మొత్తం దీని గురించే. పెద్ద ఓడల్లో ఒక భాగంలోకి నీళ్లొచ్చినా ఇంకో భాగంలోకి పోకుండా ఇనుప తలుపులు మూసే ఏర్పాటు ఉంటుంది. అలాగే నిన్నకు ఒక తలుపు, రేపటికి ఒక తలుపు వేసి రోజును విడి గదిలా చేసుకోమన్నాడాయన. టైటానిక్ మునిగి అప్పటికి ఏడాదే అయింది కాబట్టి ఓడ తలుపుల గురించి విన్నవాళ్లకు బాగానే ఎక్కి ఉంటుంది. 1948లో డేల్ కార్నెగీ తన పుస్తకంలో మొదటి అధ్యాయంగా పెట్టింది దీన్నే. ఇప్పుడు రీల్స్‌లో తిరిగే సూక్తుల్లో సగం అక్కడి నుంచి వచ్చినవే.

నిజం చెప్పాలంటే మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్త చిరాకేసింది. ఆస్లర్ అప్పటికే ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్, సర్ బిరుదున్న మనిషి. ఆయన రేపటి తలుపు మూసుకున్నా రేపు అక్కడే భద్రంగా ఉంటుంది. కౌలు రైతు ఇంట్లో వడ్డీ గడువు తలుపు అవతల ఉంటుందా? తర్వాత ఆయన జీవితం గురించి ఇంకాస్త చదివాను. ఆ ప్రసంగం చేసిన నాలుగేళ్లకే, 1917 ఆగస్టులో, ఆయన కొడుకు రెవెర్ మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలో చనిపోయాడు. అప్పుడు ఆ తలుపులు ఏమాత్రం పనిచేశాయో మనకేం తెలుసు. చిరాకు కొంత తగ్గింది. అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

ఎందుకంటే ‘రేపటి గురించి ఆలోచించకు’ అన్న మాట మనలాంటి ఇళ్లల్లో నిలబడదు. ఆలోచించాల్సిందే. ఎప్పుడు, ఎంతసేపు అన్నదే అసలు ప్రశ్న. దీనికి ఆస్లర్ కంటే మా నాన్న నోటుపుస్తకం దగ్గరి జవాబు. టెక్సస్‌లోని బేలర్ యూనివర్సిటీలో మైకేల్ స్కలిన్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగం కూడా ఆ నోటుపుస్తకం వైపే ఉంది. 57 మంది యువతీయువకులను ఒక రాత్రి స్లీప్ ల్యాబ్‌లో పడుకోబెట్టారు. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు కొందరిని రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాయమన్నారు, మిగిలినవాళ్లను ఈమధ్య పూర్తిచేసిన పనులు రాయమన్నారు. చేయాల్సినవి రాసినవాళ్లకు సగటున 9 నిమిషాలు ముందే నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది. చిన్న ప్రయోగమే, దీన్నిబట్టి పెద్దపెద్ద మాటలు చెప్పక్కర్లేదు. కానీ రేపటి పని కాగితం మీదికి వెళ్తే బుర్ర దాన్ని మోయడం ఆపుతుందన్నది మీరు ఈ రాత్రే పరీక్షించుకోవచ్చు.

నేనూ ఒక నోటుపుస్తకం కొన్నాను. ఎడమ పేజీలో ‘రేపు’, కుడి పేజీలో ‘ఈరోజు’. రాత్రి ఐదు నిమిషాలు ఎడమ పేజీలో భయాలతో సహా అన్నీ రాసేవాణ్ని. ‘ఆఫర్ క్యాన్సిల్ చేస్తే?’ అని రాసుంటే దాని పక్కన ‘పాత మేనేజర్‌కు సోమవారం ఫోన్ చేయాలి’ అని ఉండేది. కుడి పేజీలో మూడు పనులకు మించి రాయకూడదని నియమం. మొదట్లో ఎనిమిది రాసి, రెండు చేసి, ఆరు మిగిలాయని బాధపడేవాణ్ని. పుస్తకం పెట్టుకుందే బాధ తగ్గడానికి కదా.

ఈడెన్‌లో ఒక రోజు

ఒక రోజులో ఎంత పడుతుందో చూడాలంటే మనవాడే ఒకడున్నాడు. హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టు. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది ఆస్ట్రేలియా. మొదటి ఇన్నింగ్స్‌లో వాళ్లు 445 కొడితే మనం 171కే ఆలౌట్, ఫాలోఆన్. మూడో రోజు ఆట ముగిసేసరికి రెండో ఇన్నింగ్స్‌లో 4 వికెట్లకు 254. అంటే ఇంకా 20 పరుగులు వెనకే ఉన్నాం. క్రీజులో లక్ష్మణ్, రాహుల్ ద్రవిడ్.

ఆ రాత్రి వాళ్లిద్దరూ ‘ఈ టెస్టు ఎలా గెలవాలి’ అని లెక్కేసి ఉంటే ఏ లెక్కా తేలేది కాదు. మర్నాడు, మార్చి 14న, ఏం చేశారో స్కోరుబోర్డు చెబుతుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. మెక్‌గ్రాత్, గిలెస్పీ, కాస్ప్రోవిచ్, వార్న్ మారిమారి వేశారు. రోజు ముగిసేసరికి 335 పరుగులు వచ్చాయి, స్కోరు 4 వికెట్లకు 589. లక్ష్మణ్‌కు నడుం నొప్పి, ద్రవిడ్‌కు ఒంట్లో నలత. అయినా తర్వాతి ఓవర్, ఆ తర్వాతి ఓవర్, అంతే. ఐదో రోజు లక్ష్మణ్ 281 దగ్గర, ద్రవిడ్ 180 దగ్గర అవుటయ్యారు. భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. గెలుపు వచ్చింది ఐదో రోజున. కానీ మా నాన్న తరం వాళ్లని ఆ మ్యాచ్ గురించి అడగండి, ఎవరూ ఐదో రోజు సంగతితో మొదలుపెట్టరు.

చదరంగంలో కోనేరు హంపి సంగతి ఇంకా తాజాది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌షిప్‌లో ఆమె మొదటి రౌండే ఓడిపోయింది. ఆ ఏడాది ఆమె ఆట కూడా గొప్పగా ఏం సాగలేదు. మొదటి రౌండ్ ఓటమిని రెండో రౌండ్ బోర్డు దగ్గరికి మోసుకెళ్లి ఉంటే ఆ కథ అక్కడితో అయిపోయేది. 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో రెండోసారి ప్రపంచ టైటిల్ గెలిచింది. ఆస్లర్ చెప్పిన రెండు తలుపుల్లో నిన్నటి తలుపు ఇదే. నాకైతే రేపటి తలుపు కంటే ఇదే మూయడం కష్టం. ‘అసలు ఆ పాత ఉద్యోగం ఎందుకు వదిలాను’ అన్న ప్రశ్న నన్ను ఏడాదిపైనే వెంటాడింది.

తేదీలు మన చేతిలో లేనప్పుడు

ఐటీ వాళ్ల కష్టం ఒకరకం, పోటీ పరీక్షల వాళ్లది ఇంకోరకం. ఏపీపీఎస్సీ గ్రూప్-2నే తీసుకోండి. 2023 డిసెంబరు 7న నోటిఫికేషన్, 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్. మెయిన్స్ మొదట 2024 జులై 28 అన్నారు. తర్వాత 2025 జనవరి 5 అన్నారు. చివరికి జరిగింది ఫిబ్రవరి 23న, అది కూడా ముందురోజు దాకా ఉంటుందా లేదా అన్న గందరగోళంతో. డీఎస్సీ వాళ్లు ఇంకా చూశారు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో వచ్చిన నోటిఫికేషన్ ఆగిపోయింది. ప్రభుత్వం మారాక జూన్‌లో 16,347 పోస్టులన్నారు. ఆ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. ఏడాదికి పైగా కోచింగ్ ఫీజు, హాస్టల్ ఫీజు, ఇంటి నుంచి ఫోన్లు.

గుంటూరులో ఉండి గ్రూప్-2 చదివిన నా ఇంటర్ స్నేహితుడు ఒకడు గది గోడ మీద ‘ఇంకా 60 రోజులు’, ‘ఇంకా 59’ అని రాసుకునేవాడు. జులై పరీక్ష వాయిదా పడగానే ఆ అంకె అర్థంలేనిదైపోయింది. కొత్త తేదీ వచ్చాక మళ్లీ రాశాడు, మళ్లీ వాయిదా. రెండోసారి గోడ తుడిచేసి లెక్క తిప్పాడు. మిగిలిన రోజుల బదులు రాసిన పాత ప్రశ్నపత్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ‘ఇది ఏపీపీఎస్సీ కూడా వాయిదా వేయలేదురా’ అనేవాడు నవ్వుతూ. మెయిన్స్ నాటికి అంకె 112. ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. రాలేదు. అది ముఖ్యం కాదంటే అబద్ధం చెప్పినట్టే, వాడు నెలరోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కానీ వాయిదాల మధ్య పుస్తకాలు అమ్మేసి ఇళ్లకు వెళ్లిపోయిన వాళ్ల రూమ్మేట్లలా కాకుండా, వాడు ఇప్పుడు ఇంకో పరీక్షకు సగం సిలబస్ ముందే చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక్కడే ఒక మాట. ‘ఈరోజు బతుకు’ అన్నదాన్ని అప్పు చేసి ఐఫోన్ కొనడానికి, బెట్టింగ్ యాప్‌లో వెయ్యి పెట్టడానికి వాడుకునేవాళ్లూ ఉన్నారు. అది ఈరోజు బతకడమేం కాదు, రేపటి జీతాన్ని ఈరోజే తినేయడం. మా ఊళ్లోనూ అలాంటి కథలున్నాయి, వాటి గురించి ఇంకోసారి.

ఇంకోటి కూడా. వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సయించకపోతే, బతుకు మీదే విసుగొస్తుంటే నోటుపుస్తకాలు, ఫిల్టర్లు చాలవు. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రోజుకొక్కసారి, సాయంత్రం ఏడింటికి

2023 మార్చిలో కుడి పేజీలోని మూడు పనుల్లో ఒకటి రోజూ ఒకటే ఉండేది: ‘గంటన్నర కోడ్’. ఏం రాయాలో తోచక, కళ్లముందున్న సమస్యనే పట్టుకున్నాను. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ఉంటాయి. పైథాన్‌లో వాటిని తీసుకుని గుంటూరు మిర్చి ధరను టెలిగ్రామ్‌లో పంపే చిన్న బాట్ తయారుచేశాను. కొన్ని రోజులు డేటా ఆలస్యంగా వచ్చేది, కొన్ని రోజులు అసలు వచ్చేదే కాదు. వాటన్నిటికీ కోడ్ రాసుకోవాల్సి వచ్చింది, నేర్చుకున్నది అక్కడే. మొదట్లో గంటకోసారి వెళ్లి కొత్త ధర ఉందేమోనని చూసేలా పెట్టాను. మెసేజ్‌లు చూసి నాన్న మూడో రోజే తల పట్టుకున్నాడు.

‘‘ఎందుకురా ఇన్నిసార్లు? కాయ గంటకోసారి అమ్ముతామా ఏంది? సాయంత్రం ఒక్కసారి పంపు, చాలు.’’

క్రాన్ జాబ్‌ను సాయంత్రం ఏడింటికి మార్చాను.

మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, ఆ ప్రత్యేక రింగ్‌టోన్ మోగింది. ఆరు నెలల ఎదురుచూపుకు జవాబు మూడు లైన్లు. వ్యాపార పరిస్థితుల దృష్ట్యా ఆఫర్ ఉపసంహరించుకుంటున్నాం అని. ఆ రోజు కుడి పేజీలో ఒక్క పనీ చేయలేదు. ఆ రాత్రి ఎడమ పేజీ నిండిపోయి వెనక పేజీకి పాకింది. మర్నాడు రెండు పనులు చేశాను.

సెప్టెంబరులో ఓ చిన్న కంపెనీలో చేరాను. జీతం పాత కంపెనీ కంటే కొంచెం ఎక్కువ, రద్దయిన ఆఫర్ కంటే బాగా తక్కువ. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది ఆ బాట్ గురించే, డేటా రాని రోజు ఏం చేస్తుందని. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. నాతోపాటు ఆఫర్ పోయినవాళ్లలో ఒకడు రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు, నాకంటే బాగా కోడ్ రాసేవాడు.

మిర్చి కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. ఆ ఏడు మాకు మంచి ధర వచ్చింది, అప్పు చాలావరకు తీరింది. రెండేళ్లు తిరిగేసరికి, 2025 ఫిబ్రవరిలో, ధర ఎంతగా పడిపోయిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడు కూడా నాన్న కాయను పది రోజులు ఆరబెట్టే కోల్డ్ స్టోరేజీకి తోలాడు. బాట్ సాయంత్రం ఏడింటికి ధర పంపేది. చూసేవాడు, ఏమీ అనకుండా ఫోన్ జేబులో పెట్టుకునేవాడు.

ఇప్పుడు వారంలో రెండు రోజులు హైదరాబాద్, మిగతా రోజులు ఇంటి నుంచే పని. కోతల కాలంలో పొద్దున ఎనిమిదింటి దాకా కల్లంలోనే ఉంటాను. మొన్నో సాయంత్రం నాన్న కొండవీడు వైపు ఆకాశం చూసి అడిగాడు.

‘‘ఏరా, మీ ఫోన్లో రేపు వాన చూపిస్తందా?’’

చూశాను. ‘‘నలభై శాతం అంటంది నాన్నా.’’

‘‘అంటే?’’

‘‘పడొచ్చు, పడకపోవచ్చు.’’

‘‘అది నాకూ తెలుసు’’ అని లేచి, కుప్ప మీద రెండో పట్టా కూడా కప్పమన్నాడు. నాలుగు మూలలా రాళ్లు పెట్టాం. ఇంటికెళ్లేసరికి అమ్మ అన్నం వడ్డించి పిలుస్తోంది.